పేరు రాయని చీటీ

"పేరు రాయొద్దంటిరి గద సేటూ! మళ్ల ఎవరు రాసిన్రో అడుగుడేంది?"

అంది అనంతమ్మ. గద్వాలలో సుధాకర్ మగ్గాల షెడ్డులో ఆమెది పద్దెనిమిదేళ్ల కొలువు. అక్కడ నేసే ఆడవాళ్లందరికీ పని నేర్పింది ఆమే.

ఆర్నెల్లుగా మగ్గాల మీంచి చీరలు సరిగ్గా దిగడం లేదు. ఎవరికీ పనిలో మనసు లేదు. కారణం తెలుసుకోవాలని సుధాకరే గోడకు డబ్బా తగిలించాడు. "మనసులున్నది రాసి ఎయ్యుండ్రి. పేరొద్దు. నా బిడ్డల మీద ఒట్టు, ఎవర్నీ ఏమనను," అన్నాడు.

పాపం, అందరూ నమ్మారు. చీటీలు మడిచి, విచ్చుకోకుండా పట్టుపోగుతో కట్టి మరీ వేశారు. నేసేవాళ్ల చేతులు కదా, ముడి వేయందే ఊరుకోవు!

ఇప్పుడు సుధాకర్ ఒక చీటీ పట్టుకుని ఊగిపోతున్నాడు. "మనమంత ఒక్క ఇంటోళ్లమంటరు. మగ్గం గుంటల కూసొని నడుములు పడిపోతున్నా జర లేవనియ్యరు. మా మాట ఎన్నడన్న విన్నరా? మనసెట్ల పెడ్తం?" అని ఉంది అందులో.

"రాత పిల్లలతోని రాయించిన్రు, తెలుస్తలేదు. ముడి జూడక్కా. ఎడమకు తిప్పి, కొస లోపలికి దోపిన్రు. ఎవరి ముడి వాళ్లదే అంటవు గద! నేను మగ్గం మీద కూసున్నోణ్ణి గాదు, నాకు తెల్వదు. నువ్వు చెప్పు. చెప్పకుంటే రేపట్నుంచి రాకు."

నమ్మించి గొంతు కోశాడు! ఒట్టేసిన నోరేనా ఇది? కానీ యాభై దాటిన మనిషికి ఇంకెవరు మగ్గం ఇస్తారు?

"నవ్యది," అంది తల వంచుకుని.

సాయంత్రానికల్లా నవ్య సంచి సర్దుకుంది. రెండేళ్ల కిందట అనంతమ్మ చేయి పట్టి నేర్పిన పిల్ల. గడప దగ్గర ఆగి, "నేను రాయలే అక్కా. నీకు తెల్వదా?" అని బావురుమంది.

అనంతమ్మ తన మగ్గం దగ్గరికి నడిచింది. మిగతావాళ్లూ తలలు వంచుకుని నేతలో పడ్డారు. డబ్బా గోడకు అలాగే ఉంది.

అనంతమ్మ మగ్గం మీద ఓ పోగు తెగింది.

కళ్లనిండా నీళ్లున్నా, అలవాటైన వేళ్లు దాన్ని చటుక్కున ముడి వేశాయి, ఎడమకు తిప్పి, కొస లోపలికి దోపి.