నాలుగో ఓడ

చిన్నకోడలు అలిగింది. దాంతో కంపెనీకి నాలుగో ఆయిల్ ట్యాంకర్ వచ్చే యోగం పట్టింది.

మిగతా షిప్పింగ్ కంపెనీలు సరుకు పెరిగితే ఓడలు కొంటాయి. మామగారి కంపెనీకి ఆ చాదస్తం లేదు. రిఫైనరీ దగ్గర పెట్రోలూ డీజిలూ నింపుకుని, ఒడ్డు వెంబడే ఒక రేవు నుంచి ఇంకో రేవుకి చేరవేయడం వాళ్ల పని. పరాయి దేశం మొహం చూసింది లేదు. కానీ ఇంట్లో ఎవరి మూతి ముడుచుకున్నా సముద్రంలో ఒక ఓడ పెరిగేది.

అత్తగారు పెళ్లయిన కొత్తలో పుట్టింటికి పెట్టె సర్దుకుంటే, మొదటి ఓడకి ఆవిడ పేరు పెట్టారు. ఆవిడ పెట్టె విప్పేసింది. ఆడపడుచు వాటా అడిగితే ఆమె పేరుతో రెండో ఓడ వచ్చింది. ఆమె మళ్లీ వాటా ఊసెత్తలేదు. పెద్దకోడలు మొగుణ్ణి వేరుకాపురానికి ఎగదోస్తే మూడోది వచ్చింది. అప్పట్నుంచీ ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు. హాల్లో అద్దాల పెట్టెలో మూడు బుల్లి ఓడల బొమ్మలుండేవి. గడప తొక్కిన ప్రతి చుట్టానికీ పెద్దకోడలు ముందు తన ఓడ చూపించి, తరవాత మంచినీళ్లిచ్చేది.

ఆ పెట్టె దులపడం మాత్రం చిన్నకోడలి వంతుకొచ్చింది.

ఒకరోజు దులిపే గుడ్డ అక్కడే పడేసి, గదిలోకెళ్లి తలుపేసుకుంది. ఈ ఇంట్లో తన పేరు మీద కాగితప్పడవైనా లేదని తలుపవతల నిలబడ్డ మొగుడికి చెప్పింది. మన వాటా మనం తీసుకుని వేరు పడదాం, పుట్టింటివాళ్లకి రేవులో గోడౌన్లున్నాయి, మా అన్నయ్యతో కలిసి వ్యాపారం చేసుకుందాం అంది. మొగుడు మంచివాడు. తండ్రి ముందు అతనికి నోరు పెగలదు, పెళ్లాం ముందు నోటితో అవసరమే పడదు. చేతనైంది ఒక్కటే చేశాడు. ఆ మాట తండ్రికి మోసుకెళ్లాడు.

వాటాలంటూ పంచితే కంపెనీ రెండు ముక్కలవుతుంది. మామగారు కోడల్ని పిలిపించి, పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఓడంటే షాపులో చెప్పుల జతా అమ్మా, వెళ్లి తెచ్చుకోడానికి? వస్తుంది. కాస్త ఓపిక పట్టు."

ఆమె ఓపిక పట్టింది. ఎండలు ముదిరి తగ్గేలోగా ఓడ రానే వచ్చింది. శరవేగంగా విస్తరిస్తున్న తీరప్రాంత ఇంధన రవాణా సంస్థ అంటూ పేపర్లో వ్యాసం కూడా పడింది. రాసింది కంపెనీ మేనేజరే కాబట్టి పొగడ్తకి లోటు రాలేదు.

ప్రారంభోత్సవానికి పెద్దకోడలు రాలేదు. తలనొప్పట. అది ఎలాంటి తలనొప్పో చిన్నకోడలికి బాగా తెలుసు. పాపం, పాపం అనుకుంటూ దారి పొడుగునా హాయిగా నవ్వుకుంది. అత్తగారు వచ్చారు గానీ, మోకాళ్ల నొప్పులని కార్లోంచి దిగలేదు.

ఓడంతా తిప్పి చూపించింది కెప్టెన్. ఆయన మామగారికి నమ్మిన మనిషి. ఏ కొత్త ఓడ వచ్చినా ముందు ఆయనే నడిపి చూడాలి. పైన ఓడ నడిపే గది తలుపు బిగుసుకుపోయి ఉంది. ఆయన మాట ఆపకుండానే మోకాలితో కింది మూల ఒక్క పోటు పొడిచాడు. తలుపు తెరుచుకుంది. కొత్త తలుపు అప్పుడే పట్టేసిందేమని ఆమె అడిగింది.

"ఉప్పుగాలి మేడమ్," అన్నాడు కెప్టెన్.

ఆమె అన్నీ తెలిసినదానిలా తలాడించింది. ఈలోగా వంటమనిషి ఎవరూ చెప్పకుండానే మామగారికి చక్కెర లేని టీ తెచ్చిచ్చాడు. కొత్తగా చేరినా పనివాళ్లని ఎంత బాగా తయారుచేశారోనని ఆమె ముచ్చటపడింది.

ముచ్చటలో ముచ్చట, ఇంకో కోరిక కూడా బయటపెట్టింది. నాలుగు ఓడల్నీ ఈ రేవులోనే వరసగా నిలబెట్టి ఒక ఫొటో తీయిస్తే బాగుంటుంది కదా అంది. తన ఓడే అన్నిటికన్నా కొత్తగా కనబడుతుందన్నది ఆమె లెక్క. కెప్టెన్ ఎందుకో సముద్రం కేసి తిరిగాడు.

మామగారు మాత్రం తొణకలేదు. "నాలుగూ వచ్చి ఇక్కడ కూర్చుంటే, ఊళ్లలో పెట్రోలు బంకులు ఏం కావాలమ్మా? మీ అక్క ఓడ ఇప్పుడు ఆ చివర రేవులో డీజిల్ దింపుతోంది. అత్తయ్య ఓడ దారిలో ఉంది. జనం కోసం మనమే సర్దుకుపోవాలి."

చిన్నకోడలి గుండె ఉప్పొంగింది. తీరం పొడుగునా తిరిగే బస్సులూ లారీలూ తన భుజాల మీదే నడుస్తున్నట్టు అనిపించింది. ఇంతటి కుటుంబాన్నా తను చీల్చాలనుకుంది? అక్కడికక్కడే మొగుడికి వేరుకాపురం మాట మరిచిపొమ్మని చెప్పింది. అన్నయ్యని ఒప్పించి, పుట్టింటి గోడౌన్లు కూడా కంపెనీకే అప్పగించేలా చూస్తానని మామగారికి మాటిచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి కళ్లొత్తుకున్నారు. అవసరం పడ్డప్పుడు ఆయనకి కన్నీళ్లు బాగానే వచ్చేవి.

కిందికి దిగాక, ఫొటో కోసం ఆమెని ఓడ వెనక భాగం పక్కన గట్టు మీద నిలబెట్టారు. నిండా ఆయిల్ ఉండటంతో ఓడ బాగా కిందికి దిగి, అక్కడ రాసిన ఆమె పేరు చేతికి అందేంత దగ్గర్లో ఉంది. తెల్లటి అక్షరాలు ఎండకి తళతళలాడుతున్నాయి. కాకపోతే చివరి అక్షరం మీద ఏ పక్షో రెట్ట వేసిపోయింది.

తన పేరు మీద మరక ఆమె భరించలేకపోయింది. చేతిరుమాలు తీసి గట్టిగా రుద్దింది. మరకతో పాటు కొత్త పెయింటూ పెచ్చులుగా ఊడి వచ్చి, లోపల తోడికోడలి పేరు, దాని అడుగున ఆడపడుచు పేరు, అన్నిటికన్నా అడుగున అత్తగారి పేరు బయటపడ్డాయి.