పీర్ల పెట్టె తాళంచెవి

మురళీధర్ చేతిలో ఉన్నది ఒక్క ప్రశ్న. ఆదివారం పొద్దున నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి, ఆ ప్రశ్ననే మనసులో మళ్లీ మళ్లీ తూచి చూసుకున్నాడు. తూకం సరిగ్గానే ఉంది.

పన్నెండేళ్లు ఊరూరా తిరిగి పీర్ల పండుగ మీద పరిశోధన చేశాడు. పుస్తకం ఐదు ప్రతులు వేయిస్తే నాలుగు ఇంట్లో బీరువాలోనే ఉన్నాయి. ఒకటి కాలేజీ లైబ్రరీకి పోయింది. అదే పండుగ గురించి ఆళ్లగడ్డలో సాజిదా అనే టీచరు వారం వారం చెబుతుంటే అరవై మంది వింటున్నారని పేపర్లో ఫోటో వేశారు. అది చూసినప్పటి నుంచి అతనికి అన్నం సయించడం లేదు. ఆమెకేమీ తెలియదని ఈరోజు అందరి ముందూ తేల్చాలి.

"యాడికప్పా?" పక్క సీటు పెద్దాయన పలకరించాడు.

"ఆళ్లగడ్డకు."

"ఏం పని?"

"పీర్ల పండుగ చరిత్రలే. చెప్పినా మీకర్థం కాదు."

సాజిదా చెప్పేది శిల్పులు రాళ్లు చెక్కే షెడ్డులో. ఉలులు పక్కన పెట్టి, సగం చెక్కిన విగ్రహాల మధ్య జనం కూర్చున్నారు. సాజిదా మాట ముగించగానే మురళీధర్ లేచాడు.

"ఒక ఊళ్లో పీర్ల పెట్టె తాళంచెవి కంసాలి ఇంట్లో ఉంటుంది. ఎందుకో చెప్తారా మేడమ్?"

మూడేళ్లు తిరిగితే దొరికిన సంగతి అది. పుస్తకంలో మూడొందల పన్నెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో వేశాడు.

సాజిదా జనం వైపు తిరిగి ఎవరికోసమో చూసింది. మురళీధర్ కడుపు చల్లబడింది.

"తెలీదా?"

"నేనెందుకు సార్? జయలక్ష్మక్కా, నువ్వు చెప్పు."

విగ్రహాలకు నునుపు పెట్టే ఆడమనిషి చేతుల దుమ్ము దులుపుకుంటూ లేచింది.

"కలరా వస్తే ఊరంతా ఖాళీ చేసి పాయిరంట. కంసాలోళ్ల ముసలామె ఒక్కతే ఉండి, దినామూ పీర్లకు దీపం పెట్టెనంట. తిరిగొచ్చినాక సాయిబులే తాళంచెవి ఆమె చేతిలో పెట్టిరి. అంతే గదా?"

అరవై తలలూ ఒక్కసారి ఊగాయి.

మురళీధర్ ఆమె వైపు రెండడుగులు వేశాడు. "నీకెట్లా తెలుసు?"

"నంద్యాలలో మురళీధర్ సారని ఉండాడంట. ఆయప్ప రాసిన పుస్తకం లైబ్రరీలో తెచ్చి, సాజిదమ్మ మాకు ఇడమరిచి చెప్తాంది. నీది యా ఊరు?"

"నంద్యాల."

"దానికింత దూరం రావల్లనా ఏందప్పా? ఆయప్పనడిగింటే ఆడనే చెప్పేటోడు గదా!"