కొత్తరేవు ప్రెసిడెంటు

కొత్తరేవు గ్రామ సంఘం ప్రెసిడెంటు పదవికి చెంగయ్య తొమ్మిదేళ్ళు పోటీ చేశాడు. తొమ్మిదిసార్లూ ఓడిపోయాడు. ఒక్క ఓటు కూడా రాలేదు.

"నీ ఓటన్నా నీకు యేసుకోవచ్చు గదా" అనేది భార్య రాజలక్ష్మి.

"రహస్య ఓటింగు మే. బయట చెప్పకూడదు."

చెప్పుకుంటే సిగ్గుచేటు. గెలిచేది ఎప్పుడూ పాప్పాత్తి. మొదటి ఎన్నికలోనే ఆమె తేల్చేసింది: "నేనోడిపోతే ఇంక ఈడికి రాను, చూసుకో." ఆ బెదిరింపుకు లొంగి చెంగయ్య తన ఓటు కూడా ఆమెకే వేసేవాడు. ఇలాంటి అభ్యర్థి మద్రాసు మొత్తానికి తనొక్కడే అయ్యుంటాడని నవ్వుకునేవాడు.

కొత్తరేవు బర్మాలో ఉండేది. యుద్ధంలో బాంబులు పడి తగలబడింది. అప్పుడు చెంగయ్యకు ఆరేళ్ళు. కాలినడకన బయటపడ్డవాళ్ళు తిరిగి తిరిగి మద్రాసులో వ్యాసర్పాడి చేరారు. ఊరికి మళ్ళీ ఎవరూ పోలేదు. అడవి కమ్మేసిందట.

ఊరు లేకపోయినా సంఘానికి ప్రెసిడెంటు కావాలి. మినిట్స్ పుస్తకం కావాలి. తగాదాలూ కావాలి. రేవు మెట్లు ఎనిమిదా, తొమ్మిదా అని పోయినేడు గంటన్నర కొట్లాడుకున్నారు. సమావేశం చివర పాప్పాత్తి లేచి, "ఊరికి తిరిగి పొయ్యేవాళ్ళు చేతులెత్తండి" అనేది. చేతులన్నీ లేచేవి.

ఈ ఏడు ఆమె పోటీలో లేదు.

"ఈసారికి మానుకోకూడదా?" అంది రాజలక్ష్మి, ఇస్త్రీ చొక్కా అందిస్తూ.

"ఏకగ్రీవంగా గెలిచే ఏడు మానుకుంటే ఎట్టా?"

గడ్డం నున్నగా గీసుకుని, సెలీనా టీ అంగడి వెనక గదికి వెళ్ళాడు. సమావేశాలన్నీ అక్కడే.

"ప్రెసిడెంటుగా చెంగయ్య, ఏకగ్రీవం" అని పుస్తకంలో తనే రాశాడు. తొమ్మిదేళ్ళ కిందట రాసుకున్న గెలుపు ఉపన్యాసం జేబులోంచి తీశాడు. కాగితం మడతల దగ్గర చిరిగింది. ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంత పదవీ వ్యామోహమా అని తనను తానే వెక్కిరించుకుంటూ లేచి నిలబడి చదివాడు. ప్రత్యర్థికి కృతజ్ఞతలు చెప్పే వాక్యం దగ్గర ఆగాడు. నీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచీ చదివాడు.

ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఇన్నేళ్ళూ ఈ సమావేశానికి రెండు టీలు తెచ్చిన సెలీనా, పోయిన నెల పాప్పాత్తి చచ్చిపోయాక సంఘంలో మిగిలిన ఆ ఒక్క సభ్యుడి ముందు ఒక టీ పెట్టి వెళ్ళింది.