ఫ్రిజ్ తలుపు మీద నవల

ఏ ఫైలునైనా ఏ వస్తువైనా తెరిచేసే రోజులొచ్చాక, గాజువాకలో వకుళ వాళ్ల ఫ్రిజ్ కూడా చదువు నేర్చింది. ఇంటి ప్లాను, పెళ్లిపత్రిక, ఏదడిగినా తలుపు మీద చూపించేది. ఆ ఫైలు ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసిందన్న పట్టింపే దానికి లేదు.

వకుళకు ఆ సంగతి తట్టలేదు. ఎప్పుడో మూతపడిన కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో రాసుకున్న తన నవలను ఎవరూ తెరవలేరని ఆమె ధీమా. అందులో దుర్గాంబ అనే గయ్యాళి అత్త ఉంది.

ఓ ఆదివారం వకుళ అత్తగారు మాణిక్యాంబ, "ఆవకాయ పాళ్లు చూపించమ్మా" అని ఫ్రిజ్‌ను అడిగింది. నవలలో ఆవకాయ మాట కనబడిందని అది దాన్నే తెరిచేసింది.

వకుళ బట్టలు ఆరేసి వచ్చేసరికి అత్తగారు కుర్చీ లాక్కుని మూడో అధ్యాయంలో ఉంది.

"ఈ దుర్గాంబ నేనేనా?"

"ఊరికే కథ అత్తయ్యా!"

"కథైతే నా ముక్కుపుడక ఆవిడకెందుకుంది?"

"తప్పయింది. చెరిపేస్తాను."

"చెరిపావంటే ఊరుకోను. కోడలు అలిగి పుట్టింటికెళితే ఈవిడ కంటతడి పెట్టలేదని రాశావేం? పోయినేడు నువ్వెళ్లినప్పుడు నేను బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అది రాయి."

వకుళ ఇంకో కుర్చీ తెచ్చుకుని ఆమె పక్కనే కూర్చుంది.

"ఎంతసేపు ఏడ్చారు?"

"ట్యాంకు ఖాళీ అయ్యేదాకా. పక్క ఫ్లాటువాళ్లు పోట్లాటకొచ్చారు కూడా."