ఎవరి వెంట పోయాడు?

మొగిలమ్మ నీళ్ల సీసా నింపుకొని వచ్చేసరికి కాజీపేట స్టేషన్ బెంచీ మీద కట్టయ్య లేడు. సంచీ ఉంది, చేతికర్ర ఉంది, మనిషి లేడు.

అప్పుడే వచ్చి ఆగిన, విజయవాడ పోయే బండిలోంచి జనం బిలబిలమంటూ దిగుతున్నారు. ఆమె ముందు పట్టాల వైపు వంగి చూసింది. అక్కడ లేడు. ఒక ఊపిరి వచ్చింది గాని రెండోది రాలేదు.

"ఓ దీప తాతా!" అని అరిచింది. అంత భయంలోనూ మొగుణ్ణి పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు.

ఆ కేకకు చాయ్ దుకాణం దగ్గరున్న మనవరాలు దీప పరుగెత్తుకొచ్చింది.

"ఏమైంది అమ్మమ్మా?"

"మీ తాత లేడే! ఈడ్నే కూసో, కదలకు అని చెప్పి నీళ్లకు పోయిన. ఇంతల్నే మాయమైండు."

దీప హైదరాబాద్‌లో కంప్యూటర్ ఆటలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది. యుద్ధాల ఆటల్లో ఏ సిపాయి ఎవరి మీదికి పోవాలో, ఎంత దూరం తరమాలో నేర్పడమే ఆమె ఉద్యోగం.

"జర ఆగు, ఆలోచించనియ్యి. కదలకు అన్నా కదిలిండంటే కండ్ల ముంగట ఎవరో పడ్డరు. మా ఆటల సిపాయిలు గిట్లనే చేస్తరు. ఎవరి మీదికి పోవాల్నో మనం చెప్పకపోతే, అందరికన్న దగ్గరున్నోన్ని పట్టుకుంటరు. వాడు కనబడకుంట పోతే మల్ల దగ్గరున్న ఇంకోన్ని."

"మీ తాత ఆటబొమ్మనానే? అన్నం తినే మనిషి!"

"మరి మొన్న పాలాయన ఎంబడి కాశిబుగ్గ దాక పోలేదా? నిన్నే గుర్తుపడతలేడు అమ్మమ్మా. ఆయనకు ఎవరైతే ఏంది, దగ్గరుంటే చాలు."

ఆ మాట మొగిలమ్మకు చురుక్కున తగిలింది.

"తాత పక్కన ఎవరు కూసున్నరు?"

"ఎర్ర బ్యాగు పట్టుకొని ఒకామె."

బెంచీ మీద ఆమె కూడా లేదు. ఇద్దరి చూపులూ ఎదురుగా ఉన్న బండి మీద పడ్డాయి.

"ఎక్కేసింది! ఆమె ఎంబడి తాత కూడ ఎక్కిండు. నేను ఇంజిన్ దిక్కు చూస్త. నువ్వు ఈడ్నే ఉండు, కదలకు," అంటూ దీప జనాన్ని తోసుకుంటూ పోయింది.

ఉండమంటే ఎట్లా ఉంటుంది? మొగిలమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకొని దగ్గరి డబ్బా ఎక్కింది. కాళ్లు, సంచులు దాటుకుంటూ, ఒక్కో ముఖం చూసుకుంటూ ముందుకు నడిచింది. నెరిసిన తల కనబడితే చాలు, ఆయనే అనుకుంది. ఒక్కటీ ఆయన కాలేదు.

నడుస్తుంటే దీప చెప్పింది గుర్తొచ్చింది. ఎర్ర బ్యాగామె ఏదో స్టేషన్లో దిగుతుంది. ఈయనా దిగుతాడు. అక్కడ ఆమె మరుగైతే ఇంకొకరి వెంట, ఆ తర్వాత మరొకరి వెంట. ఒక్కో మనిషి ఆయన్ని తన నుంచి ఇంకింత దూరం తీసుకుపోతాడు. చివరికి ఏ ఊరి వీధిలో, ఎవరి గడప ముందు ఆగిపోతాడో! ఆకలైనా అడగడం రాదే!

బండి కూత పెట్టింది.

"అమ్మమ్మా! దిగు! కదుల్తాంది!" దీప బయటినుంచి కిటికీలు బాదుతూ పరుగెత్తుతోంది.

ఎవరో కుర్రాడు చెయ్యిపట్టి దింపాడు. మొగిలమ్మ తూలి నిలబడేసరికి చివరి డబ్బా కూడా దాటిపోయింది. ఆమె ఆ డబ్బా వీపునే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మమ్మా, అగో! ఆమేనా?"

చాయ్ దుకాణం పక్కన ఎర్ర బ్యాగామె తాపీగా మిర్చిబజ్జీ తింటోంది.

మొగిలమ్మ ఆమె చెయ్యి పట్టేసుకుంది. "బిడ్డా, మా ముసలాయన నీ ఎంబడి వచ్చిండా?"

"నా ఎంబడా? లేదమ్మా. ఆకలైతాందని నేను ఒక్కదాన్నే గిటు వచ్చిన."

దీప గట్టిగా ఊపిరి వదిలింది. "అయితే తాత బండెక్కలే. ఫికర్ చెయ్యకు, ఈడ్నే ఎక్కడో ఉంటడు."

ప్లాట్‌ఫారాలన్నీ వెతికారు. లేడు. రైల్వే పోలీసు గదిలో భానుచందర్ అనే కానిస్టేబుల్ కట్టయ్య ఫోటో తీసుకొని ముందు స్టేషన్లకు పంపాడు. కాసేపటికే ఆయన ఫోన్ మోగింది.

"దొరికిండు అవ్వా! వరంగల్ల ఆగిన విజయవాడ బండ్ల ఉన్నడట."

మొగిలమ్మ రెండు చేతులూ జోడించింది. "దింపుమను బిడ్డా! జల్ది దింపుమను. బండి మల్ల కదుల్తది!"

ఫోన్ చెవికి ఆనించుకొని వింటున్న కానిస్టేబుల్ ఆమె వైపు అదోలా చూశాడు.

"నీ పేరు మొగిలమ్మనా అవ్వా?"

"అవ్ బిడ్డా. ఏమైంది?"

"ఎంత గుంజినా దిగుతలేడట. 'మా మొగిలి నా ముంగటనే గీ బండెక్కింది, అది దొరికేదాక నేను దిగ' అంటాండట."