మూడిళ్ల మంజుల

"అక్కా, తాళమున్న ఇండ్లన్నీ కాన్సల్ జేస్తరట! సార్ బయలెల్లిండట!"

ఫోన్‌లో రూపకు ఏడుపు ఒక్కటే తక్కువ. రూప, పుష్పమ్మ, బుచ్చమ్మ ముగ్గురూ పొద్దున్నే ఆటో ఎక్కి రఘునాథపల్లి వైపు పత్తి ఏరడానికి పోయారు. ఇప్పుడు నడి చేనులో ఉన్నారు. వాళ్లు జనగామ చేరేసరికి సారు వచ్చి, చూసి, ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు కూడా.

ఆ డబుల్ బెడ్రూం ఇళ్లు వాళ్లకు ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి ఆఫీసు మెట్లు అరగదీస్తే చివరికి లాటరీలో పేర్లు వచ్చాయి. ఇల్లు తీసుకుని అద్దెకిచ్చేవాళ్లు ఎక్కువయ్యారని ఇప్పుడు తనిఖీ పెట్టారు. తలుపు తీసే మనిషి ఉంటే ఇల్లు ఉన్నట్టు. లేకపోతే ఇంకొకరికి పోయినట్టు. సారు ఫోన్‌లో ఒకసారి నొక్కితే మళ్లీ మార్చడం పైవాళ్లకు కూడా రాదట. కూలికి పోతే గాని పొయ్యి వెలగని మనుషులు పగటిపూట ఇంట్లో ఎలా ఉంటారో, ఆ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

"మీరు పరేషాన్ గాకుండ్రి. నేను లేనా?" అంది మంజుల.

మంజుల అదే వరుసలో జాకెట్లు కుట్టుకుంటూ ఉంటుంది. తన పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పక్కింటి పాలు దించి వచ్చే రకం. అందుకే ముగ్గురూ తాళంచెవులు ఆమెకే ఇచ్చి పోతారు. మంజుల మిషన్ ఆపింది. కోతులు జొరబడతాయని తలుపేసి తాళం పెట్టి, చెవులన్నీ కొంగుకు ముడేసుకుని పరుగెత్తింది. మూడిళ్ల తాళాలూ తీసేసి లోపల గడియలు పెట్టింది. అన్ని ఇళ్ల వెనక తలుపులూ ఒకే సందులోకి తెరుచుకుంటాయి. సారు ముందు నుంచి వస్తే తను వెనక నుంచి వస్తుంది. అంతే ఉపాయం.

రూప ఇంట్లో నిలబడిందో లేదో, బయట ఏదో తలుపు దబదబా బాదుతున్న చప్పుడు. సారు వచ్చేశాడు! మంజుల డబ్బాలోంచి శనగపిండి తీసి, నీళ్లు కలిపి ముఖమంతా మెత్తుకుంది.

తనిఖీ సారు పేరు రామలింగం. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. కళ్లద్దాలు ముక్కు చివర, చూపు ఫోన్ మీద.

"రూప నువ్వేనమ్మా?"

"నేనే సార్. రేపు పెండ్లికి పోయేదున్నది. గందుకే గీ పిండి."

"ఇండ్లనే ఉంటున్నరా?"

"ఇంకేడికి పోతం సార్!"

సారు నొక్కి, చెప్పుల కోసం వెతుక్కున్నాడు. మంజుల వెనక తలుపులోంచి దూకి, నల్లా కింద ముఖం కడిగి, పుష్పమ్మ ఇంట్లో తేలింది. పుష్పమ్మ చర్చికి కట్టుకునే తెల్ల చీర నెత్తిన కప్పుకుంది.

"వందనాలు సార్! మంచిగ ప్రార్థన టైముకొచ్చిండ్రు. కండ్లు మూసుకోండ్రి."

పెద్దమనిషి కాదనలేకపోయాడు. మంజులకు ప్రార్థన రాదు. అయినా నోరుంది కదా, ఊరుకోలేదు. ఆఫీసును దీవించమంది, మురుగు పారే మోరీలను దీవించమంది, రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లను దీవించమంది. చివర్లో ఊపు మీద సారు మోకాళ్ల నొప్పులు కూడా మాన్పమంది. సారు "ఆమెన్" అని కళ్లు తెరిచేసరికి ఆమె ముఖం గోడవైపు ఉంది.

"నా మోకాళ్ల సంగతి నీకెట్ల ఎర్కనమ్మా?" అన్నాడు. కళ్లు తుడుచుకుని మరీ నొక్కాడు.

ఇక మిగిలింది బుచ్చమ్మ. బుచ్చమ్మకు డెబ్బై ఏళ్లు. మంజులకు అందులో సగం. చెద్దరు నిండా కప్పుకుని, నడుం వంచి, దగ్గుకుంటూ తలుపు తీసింది.

"బుచ్చమ్మవు నువ్వేనా అవ్వా?"

"నేనే కొడుకా. ఇంక సావలే."

సారు కళ్లద్దాలు పైకి తోసుకుని తేరిపార చూశాడు. మంజుల చెద్దరు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"చెవి కాడ గదేంది అవ్వా, శనగపిండి?"

"బజ్జీలేసిన కొడుకా."

"గీ వయసుల బజ్జీలా!" సారు పకపకా నవ్వి నొక్కేశాడు.

మూడిళ్లూ నిలిచాయి! మంజులకు ఎగిరి గంతేయాలనిపించింది. సాయంత్రం ముగ్గురూ వచ్చి తనను నెత్తిన పెట్టుకుంటారు. చెద్దరు లోపల నవ్వు ఆగక, దాన్ని కూడా దగ్గులోకి తిప్పింది.

సారు గుమ్మం ముందు మెట్టు మీద కూలబడి మోకాళ్లు రుద్దుకున్నాడు.

"మంచి వరుస అవ్వా మీది. ఒకటెన్క ఒకటి మూడిండ్లల్ల మనుషులున్నరు. నాకు సంబురమైంది. ఒక్క పని జేసిపెడ్తవా? నువ్వు పెద్దదానివి, నువ్వు జెప్తేనే వింటరు."

"గదెంత పని, చెప్పు కొడుకా," అంది మంజుల దర్జాగా.

సారు ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.

"గా మొదటింటికి తాళమున్నది, ఎంత కొట్టినా ఎవ్వలు పలుకలే, గా మంజుల ఎప్పుడన్న అవుపడితే ఆమె ఇల్లు కాన్సలైందని జర నువ్వే చెప్పు అవ్వా."