కోపం రాలేదంటే వినరు

“మళ్లేమైంది? ఎందుకు గట్ల మొఖం మాడ్చుకున్నవ్?” అన్నాడు లక్ష్మీనర్సయ్య, మగ్గం ఆపి.

“ఏం కాలె. మంచిగనె ఉన్న,” అంది సుగుణమ్మ, కండె చుడుతూనే.

“మరి గా కోపమేంది?”

ఆ మాటకు సుగుణమ్మకు నిజంగానే కోపం వచ్చింది.

రామన్నపేటలో వాళ్ల వాడంతా ఇదే వరస. వయసు మీద పడ్డాక సుగుణమ్మ కనుబొమ్మలు రెండూ కిందికి జారి, రెప్పల మీద బరువుగా వాలాయి. ఎప్పుడూ ఎవరి మీదో పళ్లు నూరుతున్నట్టే ఉండేది ముఖం. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్లు కూడా, “మా మీద ఏమన్న మనసుల పెట్టుకున్నవా చిన్నమ్మా?” అని అడిగేవారు. లేదని ఒట్టు వేసినా నమ్మేవారు కారు.

అవన్నీ ఓర్చుకుంది. మనవరాలి మాట మాత్రం ఓర్చుకోలేకపోయింది.

కొడుకు ప్రమోద్ ఆలేరులో ఉంటాడు. బతుకమ్మకు పిల్లను తీసుకొచ్చాడు. నాలుగేళ్ల మనస్విని గడప దగ్గరే ఆగిపోయింది.

“నేను పోను. అవ్వ కొడతది.”

ఉన్నన్నాళ్లూ తాత చంక దిగలేదు. వాళ్లు అటు వెళ్లగానే సుగుణమ్మ, “దవాఖానకు పోదాం పా,” అంది.

నల్లగొండలో ఒక డాక్టర్ వయసుతో వచ్చేదే, మందు లేదన్నాడు. ఇంకొకాయన పట్నం పొమ్మన్నాడు. పట్నంలో పెద్ద దవాఖానవాళ్లు పొద్దంతా బెంచీ మీద కూర్చోబెట్టి, రేపు రమ్మన్నారు.

లక్ష్మీనర్సయ్య విసిగిపోయాడు. “గీ వయసుల గిదంత అవసరమా? నలుగురు నవ్వుతరు.”

“నవ్వనీ. నా మొఖం చూసి ఎవరన్న నవ్వి శానా రోజులైంది.”

మర్నాడు శైలజ అనే డాక్టరమ్మ పరీక్ష చేసింది. స్కేలు పెట్టి కొలిచింది. ఫొటోలు తీసింది.

“ఒకసారి కోపంగా ముఖం పెట్టండమ్మా.”

సుగుణమ్మ కదలకుండా కూర్చుంది.

“పెట్టండి.”

“పెట్టిన.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. రెండు బొటనవేళ్లతో ఆమె కనుబొమ్మల్ని మెల్లగా పైకి లేపి పట్టుకుంది. నర్సు అలవాటు కొద్దీ అద్దం అందించబోయింది.

“అద్దమెందుకు బిడ్డా, ఈయన చూసి చెప్తడు,” అంది సుగుణమ్మ.

లక్ష్మీనర్సయ్య ముందుకు వంగి దగ్గరగా చూశాడు.

“చెప్పవేంది?”

“పెండ్లప్పుడు గిట్లనే ఉండె,” అన్నాడు చివరికి.

పెద్ద కోత అక్కర్లేదంది డాక్టరమ్మ. జుట్టు లోపల చిన్న చిన్న గాట్లు పెట్టి, సన్నటి కెమెరా పంపి, కనుబొమ్మల్ని పైకి లాగి కుట్టు వేస్తారట. అంతా చెప్పి, ఆగింది.

“చూపుకు అడ్డం వస్తేనే ప్రభుత్వ కార్డు మీద ఉచితంగా చేస్తామమ్మా. మీకు కనుబొమ్మలు లేపినా చూపులో తేడా ఏమీ రాదు కదా. అందం కోసమని రాయాల్సి వస్తుంది.”

“చూపు కోసమని నేనెప్పుడన్న?” అంది సుగుణమ్మ. “ఏమన్న రాసుకోండ్రి మేడం. చీటి ఎత్తిన పైసలున్నయి. నాకు కోపం లేదని ఇంకెంతమందికి చెప్పుకుంట తిరగాలె?”

లక్ష్మీనర్సయ్య ఈసారి అడ్డు చెప్పలేదు.

ఆపరేషన్ అయింది. కానీ నుదురంతా వాచి మొద్దుబారింది. తలలో కుట్లు సలిపేవి. చూడటానికి వచ్చిన పక్కింటి హనుమమ్మ కూడా, “నొప్పా, కోపమా?” అని అడిగి పోయింది. ఆ రోజు సుగుణమ్మ అన్నం తినలేదు.

వాపు పూర్తిగా తగ్గాక ప్రమోద్ పిల్లను తీసుకొచ్చాడు.

సుగుణమ్మ చాప మీద కూర్చుని ఉంది. బెదురుతుందేమోనని పిలవలేదు. చిన్న అడుగులు గడప దగ్గర ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

“అవ్వా, నవ్వుతున్నవా?”

“ఆ, బిడ్డా.”

మనస్విని వచ్చి ఒళ్లో కూర్చుంది.

పుట్టుకతోనే చూపు లేని సుగుణమ్మ, పిల్ల ఎంత ఎదిగిందో నుదుటి నుంచి గడ్డం దాకా వేళ్లతో మెల్లగా చూసుకుంది.